లీటరుకు వంద మిల్లీ ఆయిల్ పోస్తే టూ స్ట్రోక్ బండి బాగుపడదు

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, కొరాపుట్ వైపు పాత బండ్లు ఉన్నవాళ్ల ఫోన్లలోకి ఈమధ్య ఒక మెసేజ్ తెగ వస్తోంది. తెలుగులోనూ తిరుగుతోంది, ఒడియాలోనూ తిరుగుతోంది. నాకే వారంలో నలుగురు పంపారు. పాత టూ స్ట్రోక్ బండిని ఇంట్లోనే కొత్తదానిలా చేసుకోవచ్చంటూ మొదలై ఆరు చిట్కాలు చెబుతుంది. ఒకటి, లీటరు పెట్రోలుకు వంద మిల్లీలీటర్ల ఆయిల్ పోస్తే ఇంజన్ ఎప్పటికీ పట్టేయదు, ఏ ఇంజన్ ఆయిలైనా పరవాలేదు. రెండు, తెల్లపొగ వస్తే పిస్టన్ రింగులు పోయినట్టే, వెంటనే బోరు చేయించాలి, అంటే పిస్టన్ తిరిగే సిలిండర్‌ను లోపల కోయించి పెద్ద పిస్టన్ వేయించాలి. మూడు, సైలెన్సర్ లోపల శబ్దం తగ్గించే గొట్టం, బఫిల్, తీసేస్తే పికప్ పెరుగుతుంది. నాలుగు, కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం ముక్క, జెట్, పెద్దది వేస్తే స్పీడు పెరుగుతుంది. ఐదు, ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయాన్ని, అంటే టైమింగ్‌ను, చెవితో విని పెట్టుకోవచ్చు. ఆరు, ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి గేర్లోనే దిగితే పెట్రోలు మిగులుతుంది, ఇంజనుకూ మంచిది.

ఇంట్లో చేసుకోవచ్చన్న మాట నిజమే. మా నాన్న కొన్న పాత టూ స్ట్రోక్ బండి యెజ్డీ రోడ్‌కింగ్‌ను రాయగడలో మా వరండాలోనే విప్పి బిగించాను. కానీ ఆ ఆరు చిట్కాల్లో ఒక్కటి కూడా ఉన్నదున్నట్టు పాటించేది కాదు. అవి నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు ఒక సంగతి తెలిస్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ బండ్లలో పిస్టన్ కింద ఉండే గదిలో ఆయిల్ నిలవ ఉంటుంది. టూ స్ట్రోక్‌లో ఆ గదే పంపు. పిస్టన్ పైకి పోతుంటే కార్బొరేటర్ నుంచి గాలి, పెట్రోలు, ఆయిల్ కలిసి ఆ గదిలోకి వస్తాయి. పిస్టన్ కిందికి దిగుతుంటే అవే ఒత్తిడికి పక్కదారుల గుండా పైకెక్కుతాయి. పిస్టన్ తిప్పే ఇరుసు (క్రాంకు) బేరింగులకు, పిస్టన్‌కు, బోరు గోడకు అందే ఆయిల్ అంతా ఆ దారిన పోతూ పోతూ అంటుకున్నదే. యెజ్డీలో అది వేరే ఎక్కడినుంచీ రాదు.

అందుకే చివరిదైన ఘాట్ చిట్కాతో మొదలుపెడుతున్నాను. అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి సెమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. మెసేజ్ చెప్పినట్టు యాక్సిలరేటర్ మూసేసి గేర్లో దిగితే ఏమవుతుంది? వెనక చక్రం ఇంజన్‌ను జోరుగా తిప్పుతూనే ఉంటుంది. కార్బొరేటర్‌లో గాలిదారి తెరిచి మూసే స్లైడ్ మూసుకుపోయి ఉంటుంది. పెట్రోలు సరిగా రాదు, దానితో కలిసి రావాల్సిన ఆయిలూ రాదు. వేడెక్కిన పిస్టన్ పొడిగా రాసుకుంటూ మలుపు మధ్యలో బోరుకు పట్టేస్తే వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. ఒక పక్క లోయ, వెనక బాక్సైట్ లారీ ఉన్న చోట అలా ఆగితే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఇబ్బంది తయారీదారులకు ఎప్పుడో తెలుసు. 1960ల్లో స్వీడన్‌లో తయారైన సాబ్ 96 టూ స్ట్రోక్ కార్లలో, సైకిల్ వెనక చక్రంలో ఉన్నట్టే, ఫ్రీవీల్ పెట్టారు. యాక్సిలరేటర్ వదలగానే చక్రాలు ఇంజన్‌ను తిప్పకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. మన బండ్లకు అది లేదు కాబట్టి చిన్న గేర్లో, రెండు బ్రేకులూ వాడుతూ దిగాలి. నాలుగైదు సెకన్లకోసారి యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచి మూయాలి. ఆ కొద్దిపాటి పెట్రోలుతో వచ్చే ఆయిలే పిస్టన్‌ను కాపాడుతుంది. న్యూట్రల్‌లో మాత్రం దిగకండి. యమహా ఆర్ఎక్స్ 100కు ఆయిల్ పంపు వేరుగా ఉంటుంది, అది ఇంజన్‌తోపాటే తిరుగుతుంది కనుక భయం తక్కువ. ఆ పంపు తీసేసి పెట్రోలులో ఆయిల్ కలిపి నడుపుతున్న ఆర్ఎక్స్‌కు మాత్రం యెజ్డీకి ఉన్న ప్రమాదమే ఉంది.

ఇక ఆయిల్. లీటరుకు వంద మిల్లీలీటర్లంటే పదింట ఒక వంతు. ఆయిల్ ఎక్కువైతే రక్షణ ఎక్కువ అనుకోవడం సహజం, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కానీ జెట్ రంధ్రం గుండా ఒక కొలత ద్రవమే పోతుంది. అందులో ఆయిల్ పెరిగితే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది. 40 మిల్లీ బదులు 100 మిల్లీ పోస్తే ఇంజనుకు అందే పెట్రోలు 5 శాతం పైగా పడిపోతుంది. గాలి అంతే ఉంటుంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన మిశ్రమం వేడిగా మండుతుంది. పట్టేయకూడదని పోసిన ఆయిలే ఇంజన్ వేడిని పెంచుతుందన్నమాట. కాలని ఆయిల్ సైలెన్సర్ దారిలోనూ రింగుల గాడుల్లోనూ మసిగా పేరుకుంటుంది. రింగులు గాడిలో అతుక్కుపోతాయి. పిస్టన్ తల మీద ఎర్రగా కాలిన మసి ప్లగ్గు కంటే ముందే మంట పెడుతుంది.

ఏ ఆయిలైనా ఒకటే అన్నది ఇంకా పెద్ద తప్పు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ కాలిపోవడానికి చేసింది కాదు, నిలవ ఉండి పనిచేయడానికి చేసింది. దానిలోని లోహపు రసాయనాలు కాలితే బూడిద మిగులుతుంది. టూ స్ట్రోక్ కోసమే చేసిన టూటీ ఆయిల్ డబ్బా మీద సాధారణంగా జపాన్ ప్రమాణమైన జాసో గుర్తు, ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీల్లో ఏదో ఒకటి, ఉంటుంది. ఎఫ్‌సీ, ఎఫ్‌డీ తక్కువ పొగ ఇస్తాయి, మసి కూడా తక్కువ. నా యెజ్డీకి లీటరుకు 40 మిల్లీ పోస్తాను, అంటే ఇరవై ఐదింట ఒక వంతు. మందుల షాపులో దొరికే 50 మిల్లీల సిరంజితో కొలిచి, ముందే డబ్బాలో కలిపి బాగా ఊపి, ఆ తర్వాతే ట్యాంకులో పోస్తాను. మూతతో ఉజ్జాయింపుగా పోయడం మానేశాకే నా ప్లగ్గు రంగు నిలకడగా ఉంటోంది.

తెల్లపొగ సంగతికి వస్తాను. ఇది రాయడానికి అసలు కారణం అదే. గుణుపూర్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి, "అన్నయ్యా, తెల్లపొగ వస్తోంది, మెసేజ్‌లో బోరు చేయించమన్నారు, డబ్బులు సర్దుకుంటున్నాను" అన్నాడు. నా బండికి జరిగినదంతా గుర్తొచ్చింది.

నా రోడ్‌కింగ్ తెల్లపొగ వదలడం మొదలుపెట్టినప్పుడు దగ్గరి పట్నంలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. రింగులన్నాడు. కంపెనీ బోరు 65 మిల్లీమీటర్లు, దాన్ని 0.25 పెంచి కొత్త పిస్టన్ వేశాడు. పొగ తగ్గలేదు. ఏడాది తిరక్కుండా మళ్లీ తీసుకెళ్తే 0.50కు కోశాడు. అప్పుడూ తగ్గలేదు. ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25 చొప్పున పెరుగుతూ ఒక మిల్లీమీటరు దాకానే దొరుకుతాయి. అందులో రెండు కోతలు అనవసరంగా పోయాయి. పోయిన ఇనుము తిరిగి రాదు. ఆ బోరు మా నాన్న నడిపిన బోరు, అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అసలు తప్పు గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచినప్పుడు తెలిసింది. నేల మీద చుక్క కారలేదు, అయినా లోపల ఆయిల్ తగ్గుతోంది. యెజ్డీలో క్రాంకుకు ఎడమవైపు ప్రైమరీ చైను, క్లచ్చు ఉంటాయి. అవి గేర్‌బాక్స్ ఆయిల్లోనే తడుస్తూ తిరుగుతాయి. వాటికీ క్రాంకు గదికీ మధ్య ఉన్నది ఒక రబ్బరు సీలు. ఆ సీలు గట్టిపడి చీలితే, పిస్టన్ పైకి లేచిన ప్రతిసారీ ఆ పంపు గేర్‌బాక్స్ ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తుంది. ఆ మందపాటి ఆయిల్ కాలినప్పుడు వచ్చేదే ఆ తెల్లపొగ. కుడివైపు, డైనమో పక్క సీలు పోతే పొగ రాదు, గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగదు, ఇంజన్ మరీ వేడెక్కుతుంది. ఈ రెండో రకం మరింత ప్రమాదం, ఎందుకంటే అది పొగలా కంటికి కనబడదు.

ఇది తేల్చుకోవడానికి ఇంజన్ విప్పక్కర్లేదు. రెండు సైలెన్సర్ దారులనూ సైకిల్ ట్యూబు ముక్క, రేకు పెట్టి బిగించాలి. కార్బొరేటర్ తీసి ఆ దారినీ అలాగే మూయాలి. పిస్టన్‌ను బాగా కిందికి దించి, ప్లగ్గు రంధ్రంలోకి గొట్టం బిగించి కొద్దిగా గాలి కొట్టాలి. దానికి మా ఇంట్లో మూలన పడి ఉన్న బీపీ మిషను పనికొచ్చింది. దాని గేజి మీద 300 అంటే దాదాపు 6 పీఎస్ఐ, ఈ పరీక్షకు సరిగ్గా కావాల్సినంత. అంతకు మించి కొడితే మంచి సీలు కూడా పాడవుతుంది. ముల్లు అయిదు నిమిషాలపాటు ఇంచుమించు కదలకుండా ఉంటే పంపు గట్టిగా ఉన్నట్టు. పడిపోతుంటే సర్ఫు నీళ్లు పూసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూడాలి. నాకు గేర్‌బాక్స్‌లో ఆయిల్ పోసే రంధ్రం దగ్గర నురగ ఉబ్బింది. అంటే గాలి ఎడమ సీలు దాటి వస్తోంది. కొత్త సీలు ఖరీదు నేను బోరు పనికి రెండుసార్లు పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

గుణుపూర్ కుర్రాడికి అదే చెప్పాను, ముందు గేర్‌బాక్స్ ఆయిల్ కొలువు, తర్వాత గాలి పరీక్ష చెయ్యి అని. ఆ రెండూ బాగుంటేనే రింగు వంతు. రింగును పిస్టన్ తలతో నెట్టి బోరులో సమంగా కూర్చోబెట్టి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలచని రేకులతో) కొలిచి, కంపెనీ పుస్తకంలో ఉన్న హద్దుతో పోల్చాలి. బోరును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిపించుకోవాలి. అరిగిందని ఆ కొలతలు చెబితే అప్పుడు కోయించండి. తిరిగి బిగించేటప్పుడు రింగు కొసలు గాడిలోని పిన్ను దగ్గరే కలవాలి. లేకపోతే అవి బోరు గోడలో ఉండే పోర్టు రంధ్రంలో తగులుకుని విరుగుతాయి.

బఫిల్ చిట్కా కూడా ఈ పంపును మరిచిపోయి చెప్పిందే. టూ స్ట్రోక్‌లో కాలిన పొగ బయటికి పోయే దారి, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారి కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. కొంత కొత్త పెట్రోలు కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. సైలెన్సర్ ఆకారం సరిగ్గా ఉంటే అందులోంచి తిరిగొచ్చే ఒత్తిడి అల ఆ జారిన మిశ్రమాన్ని మళ్లీ బోరులోకి నెడుతుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950ల్లో ఏళ్లపాటు కూర్చుని ఈ లెక్క తేల్చాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ రేసు ఇంజన్ 25 గుర్రాల శక్తిని అందుకుంది. అది చేసింది గొట్టం కోసి కాదు, గొట్టం కొలతలు మిల్లీమీటర్లలో సరిచూసి. మన బండికి కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ రేసుకోసం చేసింది కాకపోయినా, బోరుకూ పోర్టులకూ తగ్గట్టు లెక్కవేసిందే. బఫిల్ తీస్తే శబ్దం పెరుగుతుంది, అది పికప్ లాగా అనిపిస్తుంది. ఇద్దరు కూర్చుని లక్ష్మీపూర్ ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కింది లాగుడు తగ్గిందని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని తెలిసిపోతుంది.

బఫిల్ తీసేసినప్పుడు కొందరికి నిజంగానే బండి తేలికైనట్టు ఉంటుంది. అది మసితో మూసుకుపోయిన బఫిల్ అయి ఉంటుంది. దాన్ని పారేయొద్దు, శుభ్రం చేయండి. మేం పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక వైరు బ్రష్‌తో రుద్దుతాం. సైలెన్సర్ లోపలికి కాస్టిక్ సోడా వాడేవాళ్లు చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. ఆ నీళ్లు అల్యూమినియం హెడ్డుకు, పిస్టన్‌కు తగలనివ్వకూడదు, అల్యూమినియాన్ని అది తినేస్తుంది. బోరు పోర్టులో మసిని వెదురు పుల్లతో గీకండి, స్క్రూడ్రైవర్ పెట్టకండి.

పెద్ద జెట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మెసేజ్‌లో చెప్పిన జెట్, అంటే మెయిన్ జెట్, పనిచేసేది యాక్సిలరేటర్ ముప్పావు పైన తెరిచినప్పుడే. మన రోడ్ల మీద ఎక్కువసేపు నడిచేది పావు నుంచి ముప్పావు మధ్య, అక్కడ మిశ్రమాన్ని నిర్ణయించేది స్లైడ్‌కు వేలాడే సూది, దాని ఎత్తు మార్చే క్లిప్పు. పావులోపు చిన్నదైన పైలట్ జెట్, గాలిని సరిచేసే ఎయిర్ స్క్రూ చూసుకుంటాయి. యాక్సిలరేటర్ పిడి మీద టేపుతో పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకుని, ఎక్కడ మిస్సింగ్ వస్తోందో చూసి ఆ భాగాన్నే ముట్టుకోండి. ఎత్తునూ మరవకండి. రాయగడ కంటే కొరాపుట్‌లో గాలి పలుచన, సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 8 శాతం. రాయగడలో సరిపోయిన జెట్టే అక్కడ పెట్రోలు ఎక్కువ ఇస్తున్నట్టు లెక్క. అలాంటిచోట ఇంకా పెద్ద జెట్ వేయమనడం తప్పు. మరోపక్క ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలు మిశ్రమాన్ని పలచన చేస్తుంది. ఈ రెండూ కొంతవరకు చెల్లుకు చెల్లు అవుతాయి. కొండ మీద సెట్ చేసిన బండిని మైదానానికి దించేటప్పుడు ప్లగ్గు రంగు మళ్లీ చూసుకోవాల్సింది ఇందుకే.

ఇక టైమింగ్. పాయింట్లు (తెరుచుకోగానే నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చు) ఉన్న బండిలో, పిస్టన్ కదలికలో ఒక మిల్లీమీటరు ముందు నిప్పురవ్వ పడిందంటే క్రాంకు లెక్కలో సుమారు మూడు డిగ్రీల తేడా. అంత తేడా చెవికి ఆనదు. ముందుకు జరిగిన టైమింగ్ మొదట్లో బండి చురుగ్గా ఉన్నట్టు చూపిస్తుంది కూడా. అందుకే చెవితో పెట్టేవాళ్లు దాదాపు అందరూ ముందుకే జరుపుతారు, చివరికి పిస్టన్ తలకు రంధ్రం పడుతుంది. ముందు పాయింట్ల సందు చూడండి, సాధారణంగా 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ వరుస తప్పకూడదు. తర్వాత ప్లగ్గు తీసి, రంధ్రంలోంచి డెప్త్ గేజితో పిస్టన్ టాప్‌కు రావడం పట్టుకుని, మీ మోడల్ పుస్తకంలో రాసినన్ని మిల్లీమీటర్లు వెనక్కి తిప్పాలి. రంధ్రం ఏటవాలుగా ఉంటే హెడ్డు విప్పి కొలవాలి. పాయింట్లకు అడ్డంగా చిన్న బల్బు కలిపి బండి తాళంచెవి తిప్పి ఆన్ చేస్తే, పాయింట్లు తెరుచుకున్న క్షణంలో అది వెలుగుతుంది. ఆ వెలుగు సరిగ్గా ఆ కొలత దగ్గర రావాలి. పాయింట్ల మడమ అరిగేకొద్దీ సందు తగ్గి టైమింగ్ వెనక్కి పోతుంది. కొత్త పాయింట్లు వేసిన మొదటి అయిదు వందల కిలోమీటర్లకు బల్బు మళ్లీ పెట్టి చూడండి.