క్వాంటమ్ కంప్యూటర్‌కు పరీక్ష పెట్టేదెవరు?

క్వాంటమ్ కంప్యూటర్ల వార్తల్లో హెడ్డింగ్‌కెక్కేది దాదాపు ఎప్పుడూ క్యూబిట్ల సంఖ్యే, అంటే ఆ యంత్రం లెక్కలకు వాడే మూల యూనిట్ల సంఖ్య. ఐబీఎం 2021లో 127 క్యూబిట్ల ఈగిల్ చిప్‌ను, 2022లో 433 క్యూబిట్ల ఆస్ప్రేను, 2023 డిసెంబరులో 1,121 క్యూబిట్ల కాండోర్‌ను ప్రకటించింది. కాండోర్‌తో పాటే 133 క్యూబిట్ల హెరాన్ అనే చిన్న చిప్ కూడా వచ్చింది. పేరు మోగింది కాండోర్‌దే అయినా, ఐబీఎం సిస్టమ్ టూ అనే క్వాంటమ్ యంత్రాల్లోకి ఎక్కింది మాత్రం హెరాన్. ఎనిమిదో వంతు క్యూబిట్లతో అది నెగ్గుకొచ్చిందంటే ప్రధాన కారణం దాని గేట్లు, అంటే క్యూబిట్ల మీద లెక్క నడిపే ఒక్కో అడుగు, తక్కువ తప్పులు చేయడమే.

కాబట్టి ఈ రంగం ఎంత ముందుకెళ్లిందో చెప్పేది టెస్టింగే. ఆ టెస్టింగ్ ఇప్పటికీ చాలావరకు తయారీదారు చేతిలోనే ఉంది. పరిశోధన దశలో అది సహజం. డబ్బు తీసుకుని యంత్రాలు అమ్ముతున్నప్పుడు మాత్రం కొలిచే హక్కు కొనేవాళ్లకూ ఉండాలి.

ఒక సూపర్ కండక్టింగ్ చిప్ (అతి చలిలో నిరోధం లేకుండా కరెంటు పారే లోహంతో చేసింది) పరీక్ష ఎలా సాగుతుందో చూస్తే దీని బరువు తెలుస్తుంది. ప్రతి క్యూబిట్‌కు గుండెకాయ జోసెఫ్సన్ జంక్షన్. రెండు అల్యూమినియం పొరలు, మధ్యలో ఒకటి రెండు నానోమీటర్ల మందాన అల్యూమినియం ఆక్సైడ్. ఆ ఆక్సైడ్ మందం రవ్వంత తేడా వచ్చినా క్యూబిట్ ఫ్రీక్వెన్సీ మారిపోతుంది. పక్కపక్కనున్న రెండు క్యూబిట్ల ఫ్రీక్వెన్సీలు మరీ దగ్గరైతే ఒకదానికిచ్చిన సిగ్నల్ రెండోదాన్ని కదిలిస్తుంది, గేట్ పాడవుతుంది. అందుకే చిప్‌ను చల్లబరచక ముందే, గది ఉష్ణోగ్రత దగ్గర జంక్షన్ల నిరోధం కొలుస్తారు. చల్లబడ్డాక ఫ్రీక్వెన్సీ ఎంత ఉండబోతోందో ఆ కొలతే ముందుగా చెబుతుంది. తేడా ఉంటే సన్నని లేజర్‌తో జంక్షన్‌ను వేడిచేసి సరిదిద్దే పద్ధతిని ఐబీఎం అభివృద్ధి చేసింది.

తర్వాత చిప్ డైల్యూషన్ రిఫ్రిజిరేటర్‌లోకి వెళ్తుంది. అక్కడ ఉష్ణోగ్రత పది ఇరవై మిల్లీకెల్విన్లు. అంతరిక్షపు చలి 2.7 కెల్విన్, అంటే దానికన్నా ఇది వంద రెట్లకు పైగా చల్లన. అంత చల్లబడటానికి రోజులు పడుతుంది. లోపల ఏదైనా తేడా కనిపిస్తే మళ్లీ వేడెక్కించి, విప్పి, బాగుచేసి, తిరిగి చల్లబరచాలి. మామూలు చిప్‌ల ఫ్యాక్టరీలో ఒక వేఫర్ (చిప్‌లు తయారుచేసే సిలికాన్ పళ్లెం) మీది చిప్‌లన్నింటినీ యంత్రం చకచకా పరీక్షించేస్తుంది. క్వాంటమ్ చిప్‌కు ఆ వేగం లేదు. డిజైన్ మార్చడం, టెస్ట్ చేయడం, మళ్లీ మార్చడం అనే చక్రం నెమ్మదిగా తిరగడానికి ఇదొక పెద్ద కారణం. ఇంటెల్ 300 మిల్లీమీటర్ల వేఫర్‌ను అలాగే 1.6 కెల్విన్‌కు చల్లబరచి, దాని మీది స్పిన్ క్యూబిట్ (ఎలక్ట్రాన్ స్పిన్‌తో పనిచేసే క్యూబిట్) పరికరాలను వరసపెట్టి కొలవగలిగిన పనిని 2024లో ప్రచురించింది. ఎంతోమంది చూడకుండా వదిలేసిన వార్త అది. నా దృష్టిలో మరో వంద క్యూబిట్లు కలిపిన ప్రకటన కన్నా దాని విలువ ఎక్కువ.

చల్లబడిన చిప్ బాగా పనిచేసినా పరీక్ష అక్కడితో అయిపోదు. పదార్థంలోని సూక్ష్మ లోపాలు క్యూబిట్‌తో కలిసి దాని శక్తిని లాగేసుకుంటాయి. అవి ఒకచోట స్థిరంగా ఉండవు. పొద్దున మెరుగ్గా ఉన్న క్యూబిట్ సాయంత్రానికి చెడొచ్చు, అందుకే తరచూ కాలిబ్రేషన్ చేస్తూ, అంటే కొలిచి మళ్లీ సరిచేస్తూ ఉండాలి. పైగా కాస్మిక్ కిరణాల వల్ల ఒకేసారి చాలా క్యూబిట్లలో తప్పులు రావడాన్ని గూగుల్ బృందం గమనించింది. ఆ సంస్థ విల్లో చిప్ మీద నడిపిన సుదీర్ఘ పరీక్షలోనూ సుమారు గంటకొకసారి అలా మూకుమ్మడిగా తప్పులు వచ్చాయి, వాటికి కారణం మాత్రం ఇంకా తేలలేదు. ఒక మంచి రోజున తీసిన సగటు అంకె ఇవేవీ చూపించదు.

కంపెనీల కొలబద్దలు కూడా ఒక్కటి కావు. ఐబీఎం క్వాంటమ్ వాల్యూమ్‌ను ముందుకు తెచ్చింది, అయాన్‌క్యూ అల్గారిథమిక్ క్యూబిట్లంది. డీ-వేవ్ యంత్రాల్లో క్యూబిట్లు వేలల్లో ఉంటాయి కానీ అవి అనీలింగ్ అనే వేరే పద్ధతిలో పనిచేస్తాయి, ఆ సంఖ్యను మిగతా యంత్రాల క్యూబిట్ల సంఖ్యతో పోల్చడానికి వీల్లేదు. బంధించిన అయాన్లతో నడిచే క్వాంటినమ్ యంత్రాల్లో రెండు క్యూబిట్ల గేట్ కచ్చితత్వం 99.9 శాతం దాకా వచ్చింది. కానీ అయాన్ గేట్లు సూపర్ కండక్టింగ్ గేట్ల కన్నా దాదాపు వెయ్యి రెట్లు నెమ్మది. ఎవరికి వారు తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటుంటే కొనేవాడికి దిక్కు తోచదు.

బయటివాళ్లు పరిశీలించినప్పుడల్లా ఈ రంగానికి మేలే జరిగింది. 2019లో గూగుల్ తన 53 క్యూబిట్ల సికామోర్ 200 సెకన్లలో చేసిన పనికి సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్లు పడుతుందని ప్రకటించింది. రెండున్నర రోజులు చాలని ఐబీఎం వెంటనే లెక్క చూపింది. 2023లో ఐబీఎం 127 క్యూబిట్లతో చేసిన ప్రయోగం వచ్చినప్పుడు, కొద్ది వారాల్లోనే వేరే బృందాలు అవే ఫలితాలను మామూలు కంప్యూటర్లతో రాబట్టాయి. వీటిని పరాజయాలనుకోవడం తప్పు. వివరాలు ప్రచురించారు కాబట్టే సరిచూడటం సాధ్యమైంది, దాంతో తర్వాతి ప్రయోగాల స్థాయి పెరిగింది.

దీనికి భిన్నంగా 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మయోరానా 1 చిప్‌ను విడుదల చేసింది. పదార్థం నిర్మాణమే తప్పుల నుంచి కాపాడాల్సిన టోపోలాజికల్ క్యూబిట్ల గురించి ప్రకటన గట్టిగా చెప్పింది. దానితో వచ్చిన నేచర్ వ్యాసం సమీక్ష పత్రంలో మాత్రం, ఆ పరికరాల్లో ఆ క్యూబిట్లకు ఆధారమైన మయోరానా జీరో మోడ్‌లు ఉన్నాయనడానికి ఈ ఫలితాలు సాక్ష్యం కావని సంపాదకులే రాశారు. ఇంత తేడా ఉన్నప్పుడు పెట్టుబడి పెట్టేవాడు ఏది చదవాలి? ప్రకటన చదివినవాళ్లే ఎక్కువమంది ఉంటారన్నది నా బాధ.

మంచి పరీక్ష ఎలా ఉంటుందో కూడా గూగులే చూపించింది. 2024 డిసెంబరులో వచ్చిన 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద ఎర్రర్ కరెక్షన్ (తప్పులను సరిదిద్దే) క్యూబిట్ల గడిని 3×3 నుంచి 5×5కు, అక్కడి నుంచి 7×7కు పెంచారు. పెంచిన ప్రతిసారీ తప్పుల రేటు సగానికి పైగా, 2.14 రెట్లు తగ్గింది. క్యూబిట్లు పెంచితే తప్పులు తగ్గుతాయని, పెరగవని నిరూపించే ఇలాంటి పరీక్షలే నాకు నమ్మకాన్నిస్తాయి. అదే పరీక్ష దూరాన్నీ చూపించింది. తప్పులు సరిదిద్దుకుంటూ ఒక్కటిగా పనిచేసే ఒక్క లాజికల్ క్యూబిట్ కోసం 101 భౌతిక క్యూబిట్లు పట్టాయి, అయినా ఒక్కో సైకిల్‌కు 0.143 శాతం తప్పు మిగిలింది. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్‌లో 2048 బిట్ల తాళం తీయడానికి రెండు కోట్ల క్యూబిట్లు కావాలన్న 2019 అంచనా 2025లో పది లక్షల లోపుకు దిగింది. ఆ తగ్గుదల లెక్కల పద్ధతులు మెరుగుపడటం వల్ల వచ్చింది. హార్డ్‌వేర్ నడవాల్సిన దారి ఇంకా చాలా ఉంది.

పరీక్షలు కఠినం చేస్తే కొత్త పద్ధతులు మొగ్గలోనే మాడిపోతాయని కొందరు భయపడతారు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నడుపుతున్న క్వాంటమ్ బెంచ్‌మార్కింగ్ ఇనిషియేటివ్‌ను చూస్తే ఆ భయం అక్కర్లేదనిపిస్తుంది. ఖర్చుకు మించిన విలువనిచ్చే యంత్రం 2033 నాటికి సాధ్యమా అన్నది అక్కడి ప్రశ్న. అయాన్లు, పరమాణువులు, కాంతి, సూపర్ కండక్టర్లు ఇలా వేర్వేరు దారుల్లో వెళ్తున్న కంపెనీలు తమ డిజైన్లను బయటి నిపుణుల ముందు పెట్టడానికి ముందుకొచ్చాయి. వ్యాపార రహస్యాలుంటాయి కాబట్టి అక్కడ తేలినవన్నీ బయటికి రావు.

అందుకే కొనేవాళ్ల ఒప్పందాలు ముఖ్యం. సగటు తప్పుల రేటుతో పాటు అన్నిటికన్నా అధ్వాన్నమైన క్యూబిట్ జంట రేటు అడగాలి. గేట్లను విడివిడిగా నడిపిన కొలత చాలదు, అన్నీ కలిసి నడిచేటప్పటి కొలత కావాలి. అదీ ఒక్క రోజుది కాకుండా నెల పొడవునా కావాలి, కాలిబ్రేషన్ కోసం యంత్రం ఆగిన గంటలతో సహా. ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు. ఐబీఎం తన క్లౌడ్‌లో ఒక్కో క్యూబిట్ కాలిబ్రేషన్ వివరాలు పెడుతోంది, క్వాంటినమ్ తన యంత్రాల కొలతల డేటాను బయటపెడుతోంది. ఈ యంత్రాలు కొనేవాళ్లలో ప్రభుత్వాలు, ప్రభుత్వ డబ్బుతో నడిచే ల్యాబ్‌లు చాలా ఉన్నాయి. ప్రజల సొమ్ముతో కొనే యంత్రం కొలతలు ప్రజలకు అందుబాటులో ఉండాలని, బయటి బృందం వచ్చి మళ్లీ కొలిచే వీలుండాలని టెండర్‌లోనే రాయొచ్చు. యంత్రం వచ్చాక ఆ షరతు పెట్టడం కుదరదు.