గొరిల్లా ఒళ్లూ డైవింగు హెల్మెట్టూ గల రో-మాన్ గారికి

అయ్యా,

1953లో ‘రోబోట్ మాన్‌స్టర్’ అనే సినిమాలో తమరు భూమ్మీద ఊడిపడి, కాల్సినేటర్ కిరణంతో మానవజాతిని మసి చేసేశారు. మిగిలింది ఎనిమిది మంది. కోట్లమందిని ఒక్క దెబ్బకి తీసేసినవారు, ఆ ఎనిమిది మంది కోసం లాస్ ఏంజెలెస్‌లోని బ్రాన్సన్ కేన్యన్ గుట్టలన్నీ కాలినడకన తిరిగారు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. వేరే గ్రహం నుంచి డ్యూటీ మీద పంపినప్పుడు ఒక సైకిలైనా ఇవ్వరా మీ పైవాళ్లు?

ఆ పైవారి సంగతీ తెలుసు లెండి. తెరలోంచి మిమ్మల్ని కసురుకునే ‘గ్రేట్ గైడెన్స్’ దొరవారిదీ మీ బొచ్చే. లోపల ఉన్నదీ మీ వేషం కట్టిన నటుడు జార్జ్ బారోసే. తిట్టే వేషంలోనూ ఆయనే, తిట్లు తినే వేషంలోనూ ఆయనే. దర్శకుడు ఫిల్ టకర్ దగ్గర రోబో సూటుకి డబ్బుల్లేవు. బారోస్ దగ్గర సొంత గొరిల్లా సూటు ఉంది. దాని నెత్తిన హెల్మెట్ బోర్లించి, ఇదిగో రోబో అన్నారు. ఒంటి మీద రేకుముక్క లేని రోబోని త్రీడీలో చూపించిన ధైర్యం ముందు మీ కాల్సినేటర్ ఏపాటిది! నాలుగు రోజుల షూటింగు, 16 వేల డాలర్ల ఖర్చు అంటారు. సంగీతం మాత్రం ఎల్మర్ బెర్న్‌స్టీన్. మూడేళ్ల తర్వాత ‘టెన్ కమాండ్‌మెంట్స్’కి చేసినాయనే. మిమ్మల్ని చూసి నవ్వు ఆపుకుని వాయించిన మహానుభావుడు.

అయినా మీ మీద నాకు గౌరవం ఉంది. 1956లో ‘ఫర్‌బిడెన్ ప్లానెట్’లో వచ్చిన రాబీ అనే రోబో ఉన్నాడే, వాడి తయారీకి లక్ష డాలర్ల పైనే అయిందట. వంటవాడు అడిగితే అరవై గ్యాలన్ల విస్కీ చేసి పెడతాడు. అదే మనిషిని చంపమంటే బుర్రలో నిప్పురవ్వలు లేచి కొయ్యబారిపోతాడు. అంతే, ఫ్యూజు పోయింది. వాడికి బాధేమీ ఉండదు. అదే ఇరకాటం మీకూ వచ్చింది. ఆ ఎనిమిది మందిలోని ఆలిస్ అనే అమ్మాయిని చంపమని ఆర్డరు, మనసేమో ఒప్పుకోదు. ‘చెయ్యాలి, చెయ్యలేను, గ్రాఫు మీద ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి?’ అని అడిగారు. ఆ కాలపు మరమనుషుల్లో ఇంత మాట అన్నవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు. అడిగినందుకు మీ దొర మిమ్మల్ని లేపేశాడనుకోండి, అది వేరే విషయం. (ఆ అలిగిన చేత్తోనే భూమి మీదికి పాత సినిమాల్లోని డైనోసార్లనీ వదిలాడు. పొదుపరి.)

తీరా చూస్తే అంతా ఆ ఎనిమిది మందిలోని ఓ కుర్రాడి కల అన్నారు. హమ్మయ్య అనుకునేలోపు గుహలోంచి మళ్లీ మీరు. ఒకసారి కాదు, అదే షాటు మూడుసార్లు, దండు దిగుతున్నట్టు.

వస్తే రండి, అభ్యంతరం లేదు. కాకపోతే గుహ ముందు పెట్టుకున్న ఆ సబ్బు బుడగల మిషను మర్చిపోకండి. టైటిల్స్‌లో కంపెనీ పేరేసి మరీ చూపించారు దాన్ని. ప్రపంచాన్ని అంతం చేయడానికి అదెందుకు పనికొచ్చిందో నాకైతే తెలీలేదు గానీ, మా అపార్ట్‌మెంట్లో పిల్లల పుట్టినరోజులకి అద్దెకిచ్చుకుంటే మీ సైకిలు ఖర్చు వచ్చేస్తుంది.

ఇట్లు,
తమ చేతిలో ఇంకా చావని ఒక ప్రేక్షకుడు