నేలమాళిగకు హద్దురాళ్ళు

విశాఖపట్నంలో జీఎం అంటే మొన్నమొన్నటి దాకా ఒకటే అర్థం. స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో పెద్ద సంతకం పెట్టే పెద్దమనిషి. ఇప్పుడు శనివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి ఎంవీపీ కాలనీ మేడమీద గదుల్లోంచి, గాజువాక అద్దె పోర్షన్లలోంచి ఇంకో జాతి జీఎంలు బయల్దేరుతున్నారు. వీళ్ళు గేమ్ మాస్టర్లు, కథ చెప్పి ఆట నడిపేవాళ్ళు. కారు లేదు, ప్యూను లేడు. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, తలా ఒక పాత్ర వేషం కట్టి కథలో తిరిగే ఆటను అచ్చువేసిన నాటినుంచీ ఈ తరహా పదవికి మామూలుగా జీతం కూడా లేదు. బాధ్యతలకు మాత్రం లోటులేదు. రాక్షసుల్ని పోషించాలి, ఆటగాళ్ళని ఊరడించాలి, ఇంట్లో గీసుకున్న పటాన్ని ఆన్‌లైన్ ఆటస్థలంలోకి ఎక్కించాలి.

ఈ మూడో పని దగ్గరే స్నేహాలు చెడుతున్నాయి. దీనిమీద ఇంతవరకు ఒక్క శ్వేతపత్రమూ రాకపోవడం విచారకరం.

పూర్వం ఈ బాధ లేదు. అష్టాచెమ్మా ఆడాలంటే అమ్మమ్మ సుద్దముక్క తీసుకుని అరుగుమీద అయిదైదులు ఇరవై అయిదు గడులు గీసేది. గీసిందీ అరుగుమీదే, ఆడిందీ అరుగుమీదే. ఆ పటాన్ని పక్కింటి అరుగుమీదకి ఎక్స్‌పోర్ట్ చెయ్యమని ఎవరూ అడగలేదు. తర్వాత నాగరికత ముదిరింది. ఇప్పుడు గీసేది డంజన్‌డ్రాఫ్ట్‌లోనో, ఇంకార్నేట్‌లోనో, క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్‌లోనో, అంటే పటాలు గీసే సాఫ్ట్‌వేర్లలో. ఆడేది రోల్20లోనో, ఫౌండ్రీలోనో, ఫాంటసీ గ్రౌండ్స్‌లోనో, అంటే ఆన్‌లైన్ ఆటస్థలాల్లో. రెంటికీ మధ్య ఒక్క క్లిక్కు దూరమేనని ప్రచారం. భోగాపురం దాటాక వేసిన లేఅవుట్ల బ్రోచర్లలో హైవేకి అయిదు నిమిషాలు అని రాస్తారే, ఇదీ ఆ లెక్కే.

గొడవంతా కొలతల్లో ఉంది. ఈ ఆటలో గడి అంటే అయిదడుగులు అన్న దగ్గర అందరూ ఒక మాటమీదే ఉన్నారు. ఆ గడి తెరమీద ఎన్ని పిక్సెళ్ళు అన్న దగ్గర ఎవరి రాజ్యం వారిది. రోల్20 మామూలుగా 70 అంటుంది. ఫౌండ్రీ 100 ఇస్తుంది. డంజన్‌డ్రాఫ్ట్ తన బొమ్మల్ని 256 లెక్కన చెక్కుకుంటుంది. సెంటంటే 48.4 గజాలని నిద్రలో లేపి అడిగినా చెప్పే ఊరు మనది. అలాంటి ఊళ్ళో పుట్టిన కుర్రాళ్ళు 256ని 70లోకి మూల పట్టుకుని లాగి, కంటితో చూసి సరిపెడుతున్నారంటే తరం ఎంత దిగజారిందో ఊహించుకోవచ్చు.

అందుచేత మా మొదటి ప్రతిపాదన ఇది. ఇకమీదట ప్రతి నేలమాళిగకూ, అంటే ఆటలో సాహసం జరిగే ప్రతి డంజన్‌కూ, సర్వే జరగాలి. గీత గీయకముందే మూడంకెలు కాగితంమీద రాసి గోడకి అంటించాలి: పొడవు ఎన్ని గడులు, వెడల్పు ఎన్ని గడులు, గడికి ఎన్ని పిక్సెళ్ళు. ఈ మూడూ రెండువైపులా ఒకటే అయితే సంధానం అయిపోయినట్టే. మిగతాదంతా అలంకారం.

ఉదాహరణకి ఊళ్ళోదే ఒక ఆస్తి తీసుకుందాం. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా నిలబడి ఉన్న కురుసుర సబ్‌మెరైన్. నేలమాళిగ కావడానికి దానికున్న అర్హతలు ఏ కోటకీ లేవు. ఏడు గదులు, గదికీ గదికీ మధ్య వంగి దూరాల్సిన గుండ్రటి ద్వారం, పారిపోవడానికి చోటు లేదు. పొడవు 91 మీటర్లు, అంటే దాదాపు 300 అడుగులు, అంటే 60 గడులు. బయటి వెడల్పు ఏడున్నర మీటర్లు, అంటే 5 గడులు. చుట్టూ రెండేసి గడుల సముద్రం వదిలితే పటం 64 బై 9. గడికి 100 పిక్సెళ్ళు పెడితే బొమ్మ 6400 బై 900 అవ్వాలి. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలు ప్రాపర్టీస్‌లో సరిగ్గా ఆ అంకెలే కనబడాలి. 6412 అని కనబడితే అంచు ఏదో అంటుకుని వచ్చింది. శీర్షికో, స్కేలు పట్టీయో, చుట్టూ ముచ్చటగా వేసిన పాతకాలపు చర్మపత్రం చట్రమో అయ్యుంటుంది. ఆ పన్నెండు పిక్సెళ్ళూ కబ్జా కింద లెక్క.

రోల్20లో పేజీ సెట్టింగ్స్‌కి వెళ్ళి 64, 9 అని కొట్టాలి. మ్యాప్ లేయర్ అనే అడుగు పొరలోకి మారాలి. టోకెన్ల, అంటే పాత్రల బిళ్ళల, లేయర్‌లో ఉండగా బొమ్మ పడేస్తే సబ్‌మెరైన్ కూడా ఒక పాత్ర అయిపోయి, క్లిక్ చేసినప్పుడల్లా సెలెక్ట్ అయి కదులుతుంది. బొమ్మమీద రైట్ క్లిక్, అడ్వాన్స్‌డ్, సెట్ డైమెన్షన్స్. అక్కడ మళ్ళీ 64, 9. ఎడమ పైమూలకి ఆనించాలి. అంతే. ఎలైన్ టు గ్రిడ్ అని ఇంకోటి ఉంది. మూడు బై మూడు గడులమీద పెట్టె గియ్యమంటుంది. అది ఎవరో గీసిన, లెక్క తెలియని పటాలకి పనికొచ్చే ప్రథమ చికిత్స. సొంత పటానికి దాన్ని వాడటం, సొంతింటి దస్తావేజు పక్కింటాయన్ని అడిగి రాయించుకోవడం.

మూల లాగి సరిపెట్టేవాడి సంగతి చూద్దాం. గడి 70 ఉండాల్సిన చోట 69కి ఆగింది. ఒక్క పిక్సెల్, ఎవరికి కనబడుతుంది? ముందువైపు ఆరు గొట్టాల టార్పెడో గదిలో నిజంగానే కనబడదు. ఇరవయ్యో గడి దగ్గర టోకెన్ గోడకి రాసుకుంటుంది. అరవై నాలుగో గడికి వచ్చేసరికి తేడా 64 పిక్సెళ్ళు, అంటే దాదాపు ఒక పూర్తి గడి. వెనక నాలుగు గొట్టాల గదిలో దాక్కోవాల్సిన గోబ్లిన్ అనే చిట్టి రాక్షసుడి కాళ్ళు రష్యా ఇనుములో, తల బంగాళాఖాతంలో. బాణం వేసినవాడు తగిలిందంటాడు, జీఎం మునిగిపోయాడంటాడు. అరగంట వాదన. ఒక్క పిక్సెల్‌కి.

కొలతలు కుదిరాక హద్దుల వ్యవహారం. గోడ బొమ్మలో ఉన్నంతమాత్రాన గోడ కాదు. రంగు చూపుని ఆపదు. ఆటస్థలానికి వేరే గీతలు గీసి ఇది గోడ, ఇది తలుపు, ఇది దీపం అని చెప్పాలి. ఈ చాకిరీ తప్పించడానికే యూనివర్సల్ వీటీటీ అనే ఫైలు పుట్టింది. వీటీటీ అంటే వర్చువల్ టేబుల్‌టాప్, మన ఆన్‌లైన్ ఆటస్థలమే. డంజన్‌డ్రాఫ్ట్ దీన్ని డీడీ2వీటీటీ అనే తోకతో ఇస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అచ్చం పట్టాదారు పాసుపుస్తకం. విస్తీర్ణం గడుల్లో ఉంటుంది. చూపు ఆగే హద్దులు మూలమూలకీ అంకెల్లో ఉంటాయి. తలుపులు, దీపాలు విడివిడిగా. చివర్లో యజమాని ఫోటో బదులు పటం మొత్తం అక్షరాల్లోకి మారిపోయి అతికి ఉంటుంది. మూడు బైట్లని నాలుగు అక్షరాలుగా రాసే పద్ధతి కాబట్టి 9 ఎంబీ బొమ్మ 12 ఎంబీకి ఉబ్బుతుంది. హద్దులన్నీ గడుల్లోనే రాసి ఉండటం వల్ల పిక్సెళ్ళు ఎన్నయినా గోడలు జరగవు. ఈ ఒక్క విషయంలో ఆ ఫైలు రాసినవాళ్ళకి సన్మానం చెయ్యొచ్చు.

అయితే పాసుపుస్తకం చేతిలో ఉంటే చాలదని మనకి తెలిసిందే. చదివే గుమాస్తా ఉండాలి. ఫౌండ్రీలో యూనివర్సల్ బ్యాటిల్‌మ్యాప్ ఇంపోర్టర్ అనే మాడ్యూల్ ఆ ఉద్యోగం చేస్తుంది. కొన్నిచోట్ల స్క్రిప్టులు వెతుక్కోవాలి, కొన్నిటికి నెలవారీ చందా కట్టాలి. ఇంత చేసినా లోపలికొచ్చాక తనిఖీ తప్పదు. సబ్‌మెరైన్ పొట్టు గుండ్రం కదా అని ఫ్రీహ్యాండ్‌తో గీస్తే వందల ముక్కల గోడ తయారవుతుంది. ఆటగాడు అడుగేసినప్పుడల్లా ప్రతి చూపుకీ ఆ ముక్కలన్నిటితో లెక్క కట్టాలి. ల్యాప్‌టాప్ ఫ్యాను రుషికొండ గాలిలా హోరెత్తుతుంది. పది తిన్నటి గీతలు చాలు, చీకట్లో పొట్టు గుండ్రమో కాదో ఏ గోబ్లిన్ చూడొచ్చింది? ఇక రెండు గోడల చివర్లు కలవకుండా జుట్టంత సందు మిగిలితే, ఆ సందులోంచి టార్చి వెలుగు గీతలా బయటికి కారుతుంది. మూసిన గదిలో ఎవరున్నారో అందరికీ తెలిసిపోతుంది. ఫౌండ్రీలో కంట్రోల్ మీట నొక్కిపెట్టి గీస్తే గోడలు గొలుసులా కలిసి వస్తాయి. ఆ మీట అందుకోసమే ఉంది.

గీసేచోట చేసిన పుణ్యపాపాలు ఆడేచోట రెట్టింపవుతాయి. గ్రిడ్ బొమ్మలోనే అచ్చయి వస్తే ఆటస్థలం గ్రిడ్ దానిమీద ఇంకోటి పడి, లుంగీ గళ్ళలా కనబడుతుంది. కాబట్టి ఎక్స్‌పోర్ట్‌లో గ్రిడ్ ఆపాలి. దీపాల వెలుగు బొమ్మలో కలిసిపోయి, మళ్ళీ దీపాలుగానూ దిగుమతి అయితే, మూడు లాంతర్ల సబ్‌మెరైన్ నేవీ డే నాటి యుద్ధనౌకలా వెలిగిపోతుంది. ఏదో ఒకటే ఉంచాలి. అన్నిటికన్నా ఘోరం రహస్య ద్వారం. జీఎం ఎంతో శ్రద్ధగా ఆటస్థలంలో దాన్ని సీక్రెట్ డోర్‌గా పెడతాడు. బొమ్మలో మాత్రం తలుపు, దానికి పిడి, పక్కన ఎర్రక్షరాల్లో ఉచ్చు 3 అన్న రాత అలాగే ఉంటాయి. ఆటగాళ్ళు మర్యాదస్తులు. ఎవరూ చూడనట్టే నటిస్తూ, ఆ గోడనే ఎందుకో తడిమి చూడాలనిపిస్తోంది మావా అంటారు.

బొమ్మ బరువు గురించి కూడా ప్రజల్లో అపోహలున్నాయి. ఎంత పెద్దదైతే అంత అందమని 256కే ఎక్స్‌పోర్ట్ కొట్టే శూరులున్నారు. మన కురుసుర పటం అప్పుడు 16384 బై 2304. ఫైలు సైజు ఎంతకి కుదించినా, తెరమీద పరిచేటప్పుడు పిక్సెల్‌కి నాలుగు బైట్లు పడుతుంది. దాదాపు 15 కోట్ల బైట్లు. 100 పెట్టి ఉంటే 2 కోట్ల 30 లక్షలతో పోయేది. పైగా వెబ్‌పీ అనే ఫైలు రకం ఒక వైపు 16383 పిక్సెళ్ళు దాటనివ్వదు. మనది 16384. ఒక్క పిక్సెల్ తక్కువైందని దరఖాస్తు వెనక్కి తిప్పిన ఆఫీసులు మనం చూశాం, ఎక్కువైందని తిప్పేది ఇదొక్కటే. మధ్యేమార్గంగా 140 అంటారా, 8960 అవుతుంది. 8192 దగ్గరే చేతులెత్తేసే గ్రాఫిక్స్ చిప్పులు ఫోన్లలో, పాత ల్యాప్‌టాప్‌లలో ఇంకా ఉన్నాయి. మీ ముఠాలో గాయాలు మాన్పే పూజారి వేషం వేసేవాడు కూర్మన్నపాలెం బస్సులోంచి ఫోన్లో ఆడతాడని గుర్తుంటే 100కి ఒప్పుకోండి. నల్లటి తెర చూసి వైద్యం చెయ్యలేడు.

ఫౌండ్రీని సొంతింటి కంప్యూటర్‌లోనే నడిపేవాళ్ళకి అదనంగా పోర్టు సమస్య. విశాఖ వాసికి పోర్టు తెరవడం గురించి చెప్పబోవడం సాహసమే. 1933లోనే ఒకటి తెరిచి చూపించాం. ఇది 30000 నెంబరు పోర్టు, బయటి ఆటగాళ్ళు లోపలికి రావడానికి రౌటర్‌లో తెరవాల్సిన ద్వారం. సమస్యేమిటంటే చాలా ఇళ్ళ బ్రాడ్‌బ్యాండ్‌లకి సొంత చిరునామా ఉండదు. వందల ఇళ్ళకి కలిపి బయటికి ఒకటే అడ్రసు కనబడుతుంది. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే పోస్టు డబ్బా పెట్టి, మీ ఫ్లాటు తలుపు ఎంత బార్లా తీసినా ఉత్తరం రానట్టు. స్టాటిక్ ఐపీ అనే సొంత చిరునామా కొనుక్కోవాలి, లేదా టన్నెల్ అనే దొడ్డిదారి పెట్టుకోవాలి, లేదా అద్దె సర్వర్‌లో దిగాలి. ఇంట్లోంచే అంటారా, లెక్క చూసుకోండి: 12 ఎంబీ పటం, అయిదుగురు ఆటగాళ్ళు, 60 ఎంబీ పైకి పంపాలి. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే 48 సెకన్లు. ఆ 48 సెకన్లూ జీఎం గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది. భయానక రసానికి ఇది కొంత తోడ్పడుతుందని ఒప్పుకోవాలి.

ఊరు మొత్తాన్నే పటంగా ఎక్కించాలనుకునే మహానుభావులకు ఒక మాట. కిలోమీటరంటే 656 గడులు. డాల్ఫిన్స్ నోస్ నుంచి కైలాసగిరి దాకా అయిదడుగుల గడులు పరిస్తే ఏ కంప్యూటరూ బతకదు. గడికి వంద మీటర్లో, షడ్భుజాలో పెట్టుకోండి. అది కూడా వెబ్ మ్యాప్ తీరులో ఉన్నదాన్ని తెచ్చి అతికిస్తే, ఆ పద్ధతిలో భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ దూరాలు సాగుతాయి. మన అక్షాంశం పదిహేడున్నర దాటింది కాబట్టి నేలమీద 100 మీటర్లు అక్కడ 105 అవుతుంది. ఆ అయిదు మీటర్లూ ఎవరి పేరున రిజిస్టరయ్యాయో అడగొద్దు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో దాన్ని యూటీఎం అనే కొలతల పద్ధతిలోని 44 ఉత్తర మండలానికి, అంటే అక్కడి జాబితాలో ఈపీఎస్‌జీ 32644 అన్న నెంబరుకి మార్చి తీస్తే సరిపోతుంది.

ఇవన్నీ పాటించిన జీఎం ఒకడున్నాడనుకుందాం. మూడు వారాలు కూర్చున్నాడు. 64 బై 9, గ్రిడ్ లేదు, రాతల్లేవు, గోడల సందుల్లేవు, ఆరు ద్వారాలూ కిర్రుమని తెరుచుకుంటున్నాయి. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఆటగాళ్ళని సబ్‌మెరైన్ నిచ్చెన దగ్గర దించాడు. దొంగ వేషం కుర్రాడు చుట్టూ చూసి, రోడ్డుకి అవతల మురీ మిక్చర్ బండి ఉండాలి కదా, ముందు అక్కడ వాకబు చేద్దాం అన్నాడు. మిగతా నలుగురూ సరేనన్నారు.

బండికి పటం లేదు. జీఎం ఖాళీ పేజీ తీసి, ఫ్రీహ్యాండ్ పెన్నుతో వంకర చతురస్రం ఒకటి, దాని కింద రెండు సున్నాలు గీశాడు. బండివాడికి ఉప్పుడబ్బా గుర్తు పెట్టాడు. ఆట రాత్రి రెండింటి దాకా అక్కడే సాగింది. బండి ఒక గడా, రెండు గడులా అని మధ్యలో ఒక్కసారే తగాదా వచ్చింది. బండివాడు రెండన్నాడు.