మలుపులదే తప్పు

అమెరికాలో 1960లలో తయారైన మజిల్ కార్ల (పెద్ద ఇంజను బిగించిన వేగపు కార్ల) మీద ఒక అపవాదు ఉంది. అవి మలుపు తిరగవట! ఈ మాటను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఆ కార్లు పుట్టిందే తిన్నగా పోవడానికి. పావు మైలు దూరం, ఎదురుగా ఎవరూ ఉండకూడదు, అంతే. మధ్యలో ఎవరో రోడ్డును వంచితే అది రోడ్డు వేసినవాళ్ళ తప్పు గానీ కారు తప్పెలా అవుతుంది?

అయినా రోడ్లన్నీ తిన్నగా వేయించే స్తోమత మనకు లేదు కాబట్టి సస్పెన్షన్, అంటే బండిని చక్రాల మీద మోసే స్ప్రింగుల అమరిక, మార్చుకోక తప్పదు. అదీ తక్కువ బడ్జెట్‌లో. బడ్జెట్ అంటే ఖర్చుకు హద్దు అని అమాయకులు అనుకుంటారు. నిజానికి అది ఖర్చుకు పెట్టుకునే ముహూర్తం.

ఉదాహరణకు 1966 మస్టాంగ్‌నే తీసుకుందాం. దీన్ని పోనీ కార్ (చిన్న సైజు స్పోర్టీ కారు) అనాలే తప్ప మజిల్ కార్ అనకూడదని వాదించే పండితులున్నారు. వాళ్ళ కార్లూ మలుపులో ఇలాగే ఒరుగుతాయి. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ మన కుర్రాళ్ళు కూడా ఒకరిద్దరు ఇలాంటిది కొని, గరాజ్‌లో కవర్ కప్పి, వారాంతం కోసం ఎదురు చూస్తుంటారు. 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను జనం ముందుకు తెచ్చినప్పుడు ధర 2,368 డాలర్ల నుంచి మొదలైంది. అంత చవగ్గా ఎలా ఇచ్చారంటే, కింద వాడిన సరుకు చాలావరకు ఫాల్కన్ అనే పొదుపు కారుది. ముందువైపు పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చెయ్యి) మీద కూర్చున్న కాయిల్ స్ప్రింగు, దాన్ని మోసే షాక్ టవర్. వెనకవైపు లారీలకు ఉండే కమాన్ కట్టల్లో చిన్న సైజువి. పైన పటారం, కింద ఫాల్కన్.

ఈ ఫాల్కన్ కాళ్ళను చవగ్గానే బాగుచేయొచ్చని చెప్పే పాత మెకానిక్కులు కొందరున్నారు. వాళ్ళతో జాగ్రత్తగా ఉండాలి. ముందుగా అలైన్‌మెంట్, అంటే చక్రాల వాలు సర్దడం, అంటారు. ఫ్యాక్టరీ ఇచ్చిన కొలతలు బయాస్ ప్లై అనే పాత రకం టైర్ల కాలం నాటివి. ఇప్పుడు మనం వేసుకునేవి రేడియల్ టైర్లు. వీటికి కాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందువెనకల వాలు) ఇంకాస్త పాజిటివ్ వైపు, కాంబర్ (చక్రం పక్కలకు వాలడం) కొద్దిగా నెగటివ్ వైపు, అంటే పైభాగం లోపలికి, ఉండాలి. పై ఆర్మ్ వెనక ఉండే పలచటి ఇనప షిమ్ములను తీసీ పెట్టీ సర్దితే చాలు, స్టీరింగ్‌లో తేడా చేతికే తెలుస్తుంది. కానీ షాపు కుర్రాడు కంప్యూటర్‌లో 1966 అని నొక్కి, ఆ పాత కొలతలకే బిగించి, అన్నీ పచ్చ గళ్ళున్న కాగితం చేతిలో పెడతాడు. కాగితం మీద అంతా పచ్చగానే ఉంటుంది, హైవే మీద కారు మాత్రం అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది. కావలసిన అంకెలు మనమే రాసుకెళ్ళి, వాటికే సర్దమని అడగాలి. అంత కష్టపడితే మిగిలేదేమిటి? కాస్టర్‌కు క్రోమ్ పూత ఉండదు. ఫొటోలో పడదు.

అంతకన్నా ప్రమాదకరమైనది షెల్బీ డ్రాప్. ఫోర్డ్ ఇంజనీర్ క్లాస్ ఆర్నింగ్ పేరు మీద ఆర్నింగ్ డ్రాప్ అని కూడా అంటారు. పై ఆర్మ్‌ను బిగించే బెజ్జాలను షాక్ టవర్ మీద సుమారు అంగుళం కిందికి దించి కొత్తగా తొలుస్తారు. పక్కకు రెండు చొప్పున మొత్తం నాలుగు. దాంతో కారు మలుపులో ఒరిగినా బయటివైపు టైరు అంచు మీదికి ఎక్కకుండా రోడ్డును సరిగ్గా పట్టుకుంటుంది. ఖర్చల్లా ఒక టెంప్లేటు, ఒక డ్రిల్ బిట్టు, ఒక శనివారం. (ఆ స్ప్రింగును అదిమిపట్టడానికి సరిపోయే కంప్రెసర్ లేకుండా మాత్రం దాని జోలికి పోవద్దు. ఇది వ్యంగ్యం కాదు.) మస్టాంగ్‌కే పదును పెట్టిన 1965 జీటీ350లో, రేసు కార్లు తయారుచేసే కారల్ షెల్బీ బృందం చేసిందిదే. ముందువైపు ఒరుగుడు తగ్గించే అంగుళం మందం స్వే బార్, కోనీ కంపెనీ షాక్ అబ్జార్బర్లు కూడా పెట్టారు. ఆ ఏడాదే ఆ కారు ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్) రేసుల్లో బీ-ప్రొడక్షన్ తరగతి చాంపియన్ అయింది. తర్వాత 1966 కార్లు కొన్ని బయటికొచ్చాక, ఖర్చు తగ్గించుకోవడానికి ఈ బెజ్జాల పని మానేశారు. రేసులు గెలిచిన కంపెనీకే ఇంత బరువనిపించిన ఖర్చును చవక అనడం ఎంతవరకు న్యాయం?

ఇక బుష్షులు, అంటే సస్పెన్షన్ కీళ్ళ దగ్గరి రబ్బరు తొడుగులు. అరవై ఏళ్ళ నాటి రబ్బరు, గోటితో గిల్లితే పాత బెల్లంలా రాలిపోతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరగడానికి, గతుకులో పడ్డప్పుడు కింద టకటకలాడడానికి చాలాసార్లు కారణం ఇదే. మార్చడానికి పెద్దగా డబ్బు కాదు. కానీ పాట్‌లక్ విందులో ఈ సంభాషణ ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు.

"బ్రో, ముందు బుష్షులు మార్చించు."

"బుష్షులా? కారు కిందికి దూరి ఎవరు చూస్తారు బ్రో?"

ఎవరూ చూడరు. అందుకే మార్చేవాళ్ళు కూడా పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఎర్రరంగువి కొంటారు, కనీసం వంగి చూసినవాడికైనా కనపడాలని. గ్రీజు సరిగ్గా పెట్టకపోతే అవి కీచుమంటాయి. ముందువైపు కింది ఆర్మ్‌ను కట్టిపట్టే స్ట్రట్ రాడ్‌కు గట్టి బుష్షు వేస్తే రాడ్ స్వేచ్ఛగా కదలలేక ఇబ్బంది పడుతుంది. అయినా గట్టిగా ఉండటమే కదా నాణ్యతకు గుర్తు, నడుము పోతే పోయింది.

కాబట్టి విజ్ఞులు ఇవన్నీ దాటేసి స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే ముక్కగా వచ్చే కాయిలోవర్ కిట్టుకు నేరుగా పోతారు. వాటిలో పేరున్నవి కొన్ని కారు కొత్తలో ఉన్న ధరను దాటేశాయి. షాక్ టవర్లు కోసేసి మస్టాంగ్-2 పద్ధతి ముందు సస్పెన్షన్ పెట్టేవాళ్ళూ ఉన్నారు. 1974 మోడల్‌గా వచ్చిన మస్టాంగ్-2, ఫోర్డ్ వారి చవక కారు పింటో మీద ఆధారపడ్డ బుల్లి కారు. దాని పేరెత్తితే మజిల్ కార్ అభిమానులు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుతూనే, దాని ముందు కాళ్ళ నమూనాను వేల డాలర్లు పోసి తమ కారుకు తగిలించుకుంటారు. ఫాల్కన్ కాళ్ళు నామోషీ అట, పింటో కాళ్ళు మాత్రం పరువట.

ఆ టవర్ల దగ్గర రేకు పగిలిందా, తుప్పు పట్టిందా అని కిట్టు ఆర్డరు చేసేముందు చూసుకోవడం అపశకునం. పెట్టె వచ్చాకే చూడాలి. అప్పుడు వెల్డింగుకు డబ్బుండదు. పెట్టె గరాజ్ గోడకు ఆనుకుని ఉంటుంది, కారు జాక్ స్టాండ్ల మీద ఉంటుంది, ఏడాది గడుస్తుంది. తర్వాత అమ్మకానికి పెడతారు: "1966 మస్టాంగ్, పని 90 శాతం పూర్తి, మిగిలిన పార్టులన్నీ పెట్టెల్లో ఉన్నాయి, సీరియస్‌గా కొనేవాళ్ళు మాత్రమే ఫోన్ చేయండి."

కొనేవాడు దొరుకుతాడు. కిట్టు సగం ధరకే వచ్చినట్టు. ఇక రేకు అతికించి, బుష్షులు వేసి, అలైన్‌మెంట్ చేయిస్తే బండి రోడ్డెక్కుతుంది. ఆయన మాత్రం ప్రస్తుతం 18 అంగుళాల చక్రాల ధరలు చూస్తున్నారు.