‘దయచేసి మంచినీరు ఇవ్వండి’: ఫోను కథలపై ఒక వాదోపవాదం

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నలుగురిలో మెలిగే తీరును ఫోను కథలతో, అంటే ఫోటోలు, చిన్న వాక్యాలు, శబ్దాలు కలిపి ఫోనులో చూపించే చిన్న కథలతో, నేర్పవచ్చునా అన్న ప్రశ్నపై ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. చోటు కావలి దగ్గరి ఒక భవిత కేంద్రం, అంటే ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం. ఒకరు ఆ కథలను తయారుచేసే టీచరు. రెండోవారు ఆటిజం ఉన్న నాలుగో తరగతి పిల్లవాడి తాత, రిటైరైన హెడ్మాస్టరు.

మాస్టారు: అమ్మా, మొన్న మావాడు వంటింట్లోకి వెళ్లి వాళ్ల అవ్వతో “దయచేసి నాకు మంచినీరు ఇవ్వండి” అన్నాడు. ఆమె ముందు నవ్వింది, తరువాత కళ్లొత్తుకుంది. మనవడు తనను పరాయి మనిషిని చేశాడని ఆమె బాధ. అదే మాట బళ్లో అన్నందుకు పిల్లలు వారం రోజులు వాడిని ‘దయచేసి’ అనే పిలిచారు. మీ కథ వాడికి మర్యాద నేర్పిందా, మారుపేరు పెట్టిందా?

టీచరు: ఆ తప్పు నాదే మాస్టారూ. విన్న వాక్యాన్ని విన్నట్టే తిరిగి పలకడం ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి అలవాటు కనుక, కథలో ఏ మాట పెడితే ఆ మాటే ఇంటికి వస్తుందని తెలిసి కూడా నేను వాచకం భాషలో రాశాను. “అవ్వా, నీళ్లియ్యి” అని రాయవలసింది. అయినా మాట తప్పిందని కథనే వద్దనడం న్యాయం కాదు. ఇదివరకు దాహం వేస్తే వాడు గ్లాసు విసిరేవాడు, ఇప్పుడు అడుగుతున్నాడు.

మాస్టారు: అడుగుతున్నాడు, ఒప్పుకుంటాను. మరి “ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడతాను” అన్న కథ మాటేమిటి? మన ఊళ్లలో పెద్దవాళ్ల ముందు తల దించుకుని నిలబడటమే వినయం. ఏ దేశపు మర్యాదనో తెచ్చి వాడి నెత్తిన రుద్దుతున్నారు. పైగా కళ్లలోకి చూడమంటే వాడి ఒళ్లంతా బిగుసుకుపోతుంది.

(ఇక్కడ నా మొగ్గు పూర్తిగా మాస్టారి వైపే. చూపు కలపడం నరకమయ్యే పిల్లవాడి చేత బలవంతంగా చూపు కలిపించి, దానికి నైపుణ్యమని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.)

టీచరు: ఆ కథను తీసివేస్తాను. కానీ ఈ పద్ధతి మొదలైంది అందుకు కాదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలో క్యారల్ గ్రే అనే టీచరు దీనికి రూపమిచ్చారు. పిల్లవాడికి అర్థం కాని సందర్భాన్ని, అక్కడ ఏం జరుగుతుందో, ఎవరు ఏమనుకుంటారో, ఎందుకలా జరుగుతుందో చిన్న వాక్యాల్లో వివరించాలనీ, ‘ఇలా చెయ్యి’ అనే వాక్యాలు వివరణ కంటే బాగా తక్కువ ఉండాలనీ ఆమె నియమం. మంగలి షాపు కథను గుర్తుచేసుకోండి. మీవాడు వెళ్లే షాపునే ఎనిమిది ఫోటోలు తీశాను, మిషను శబ్దాన్ని చిన్నగా రికార్డు చేసి కలిపాను, “శబ్దం వస్తుంది, తరువాత ఆగిపోతుంది” అని రాశాను. వాడు ఆ శబ్దాన్ని తన వేలితో ఆపుకుని, మళ్లీ పెట్టుకుని, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు విన్నాడు. ఈ పని అచ్చు పుస్తకం చేయలేదు. అందుకే ఫోను.

మాస్టారు: షాపులో ఏడవలేదు, నిజమే. కానీ ఆ ఒక్క షాపులోనే. పెళ్లికని నెల్లూరు వెళ్లినప్పుడు అక్కడి సెలూన్లో కుర్చీ ఎక్కనే లేదు. ఫోనులో నేర్చింది ఫోనులోనే ఉండిపోతుందన్నది అందుకే.

టీచరు: అది ఈ పద్ధతికి ఉన్న అసలు హద్దు, నేను దాచను. బ్రిటన్ పాఠశాలల్లో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, ఈ కథలు విన్న పిల్లలు ఆరు నెలల తరువాత మొత్తం మీద నలుగురిలో కలవడంలో మిగతావారి కంటే మెరుగుపడినట్టు కనిపించలేదు. అయితే ఒక్కొక్కరికీ విడిగా పెట్టిన చిన్న గురిని మాత్రం కథలు విన్నవారే ఎక్కువగా అందుకున్నారు. కనుక ఈ కథ మనిషిని మార్చదు, ఒక కుర్చీ ఎక్కిస్తుంది. రెండో కుర్చీకి రెండో షాపు ఫోటోలు కావాలి, మనం వెంట వెళ్లాలి.

మాస్టారు: ఆ గ్రే గారి నియమాల్లో ఇంకేమున్నాయి?

టీచరు: పిల్లవాడికి రాసే కథల్లో కనీసం సగం, వాడు ఇప్పటికే బాగా చేసేవాటిని మెచ్చుకునేవి కావాలి.

మాస్టారు: మావాడికి ఎన్ని రాశారు?

టీచరు: పదకొండు.

మాస్టారు: గ్లాసు విసరకూడదు, వరస తప్పకూడదు, అరవకూడదు... పదకొండూ వాడి తప్పులే కదమ్మా. నెల్లూరు నుంచి పడుగుపాడు, కొడవలూరు, తలమంచి మీదుగా కావలి దాకా స్టేషన్లన్నీ వాడు తడుముకోకుండా చెబుతాడు. దాని మీద కథ ఏది?

టీచరు: ఎక్కడ గొడవ జరిగితే అక్కడికి కథ రాయమని బడి వాళ్లు అడుగుతారు మాస్టారూ. నేనూ అలాగే రాస్తూ పోయాను. నియమం తెలిసీ లెక్క చూసుకోలేదు.

మాస్టారు: ఇంకొకటి. ‘దయచేసి’ అని వెక్కిరించిన పిల్లలకు మీరు ఏ కథా చూపించలేదు. నేర్చుకోవలసింది ఎప్పుడూ మావాడొక్కడేనా?

టీచరు: తానే ఆటిజం ఉన్న డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 2012లో చెప్పింది కూడా అదే: వాళ్లకు మనం అర్థం కానట్టే మనకూ వాళ్లు అర్థం కావడం లేదు, లోపం ఒకవైపే లేదు అని. చదివాను, ఫోనులోకి తేలేదు.

మాస్టారు: అయితే పన్నెండో కథ స్టేషన్ల మీద. వాడు చెబుతాడు, మీరు ఫోను పట్టుకోండి. దాన్ని ముందు నాలుగో తరగతి పిల్లలకు చూపించండి.

టీచరు: చూపిస్తాను. కానీ మంగలి షాపు కథను మాత్రం తీయను.

మాస్టారు: దాన్ని తీయమని నేనెప్పుడన్నాను? నెల్లూరు షాపు ఫోటోలు నేను తెస్తాను, ఈసారి నా గొంతుతో చదువుతాను. మీరు మాత్రం ‘క్షౌరశాల’ అని రాయకండి.