స్కోరు కాదు, సిఫార్సు లేఖ చూడండి

జీఆర్ఈ (అమెరికాలో పై చదువులకు రాసే పరీక్ష) స్కోరు బాగుంటే అక్కడ ఎకనామిక్స్ పీహెచ్‌డీ సీటు వచ్చినట్టేనని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. క్వాంట్‌లో, అంటే అందులోని లెక్కల విభాగంలో, గరిష్ఠ స్కోరు 170కి దగ్గరగా తెచ్చుకున్నవాళ్లు బోలెడుమంది ఉంటారు. తేడా వచ్చేది సిఫార్సు లేఖల దగ్గరే. మొదటిసారి దరఖాస్తు చేసినప్పుడు నాకు ఎక్కడా సీటు రాలేదు. లేఖలో 'క్లాసులో చురుకైన విద్యార్థి' అని తప్ప రాయడానికి తన దగ్గర ఏమీ లేదని మా ప్రొఫెసరే తర్వాత చెప్పారు. ఆ తర్వాత రెండేళ్లు ప్రీడాక్‌గా, అంటే పీహెచ్‌డీకి ముందు పరిశోధన సహాయకుడి ఉద్యోగం, చేశాను. డేటాలో ఒకే కుటుంబం రెండుసార్లు లెక్కలోకి రావడం నేను పట్టుకున్నాను, రెండోసారి దరఖాస్తు చేసినప్పుడు లేఖ ఇచ్చినవాళ్లు ఆ సంగతే వివరంగా రాశారట. రియల్ అనాలిసిస్ (నిరూపణలతో సాగే గణితం) కోర్సు మాత్రం వదలకండి. దరఖాస్తు ఫీజు భారమైతే మినహాయింపు అడగండి, అందులో మొహమాటం ఎందుకు? అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్‌కి జవాబివ్వడానికి ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి, కాబట్టి మొదటి ఆఫర్ రాగానే టెన్షన్‌తో సరే అనేయకండి.