సాయిల్ రిపోర్ట్ ఉందట, ఇంకేం భయమట!

'పాత ఫ్యాక్టరీ స్థలంలో ఫ్లాటా? అపోహలు వద్దు' అంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది. మొదట మా కాలనీ గ్రూపులో వచ్చింది, తర్వాత ఇంటర్ బ్యాచ్ గ్రూపులో. చివరికి మా చిన్నమామయ్య కూడా పంపారు. ఆయన టోకెన్ అమౌంట్ కట్టే ఆలోచనలో ఉన్నారు కాబట్టి ఇక ఊరుకోవడం కుదరలేదు.

2025 నవంబరులో హిల్ట్ పాలసీ వచ్చాక ఇలాంటివి ఎక్కువయ్యాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న 9,292 ఎకరాల పారిశ్రామిక భూముల్లో ఇళ్లూ ఆఫీసులూ కట్టుకోవచ్చంటుంది ఆ పాలసీ. జీడిమెట్ల, బాలానగర్, కాటేదాన్, నాచారం, పటాన్‌చెరు అన్నీ అందులో ఉన్నాయి. సరే, మెసేజ్‌లో ఏముందో చూద్దాం.

'ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది, ఇన్ని వానలకు అంతా కొట్టుకుపోయి ఉంటుంది.' ఎక్కడికి? భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ 1984లో ఆగిపోయింది. అక్కడ మిగిలిన 337 టన్నుల వ్యర్థాలను బయటికి తరలించింది 2025 జనవరిలో. అదీ పైన ఉన్న సరుకు మాత్రమే. మట్టిలోకీ భూగర్భ జలాల్లోకీ దిగింది దిగినట్టే ఉంది. భోపాల్‌లో మనకన్నా వానలెక్కువే. సీసం, క్రోమియం వానకు మాయమయ్యే రకం కాదు. కాటేదాన్ మట్టిలో అవి మోతాదు మించి ఉన్నాయని మన హబ్సిగూడ ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలే 2008లో ప్రచురించారు.

'వాసన లేదు, చెట్లు పచ్చగా ఉన్నాయి.' సర్కారు తుమ్మ ఎక్కడైనా పచ్చగానే ఉంటుంది. తర్వాత.

'భూమిపూజ ఘనంగా చేశారు.' సంతోషం.

'పేరున్న ల్యాబ్ ఇచ్చిన సాయిల్ టెస్ట్ రిపోర్ట్ ఉంది.' నాకు ఒళ్లు మండింది ఇక్కడే, ఎందుకంటే ఆ రిపోర్టులు రాయడమే నా ఉద్యోగం. మేం ఏం చేస్తామో చెప్తాను. బోరు వేస్తాం. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడతాం. ఎంత లోతులో రాయి తగిలింది, చదరపు మీటరుకు ఎన్ని టన్నులు మోస్తుంది అని రాస్తాం. బిల్డింగ్ కుంగకుండా ఉంటుందా అన్న ప్రశ్నకు జవాబది. చివర్లో 'కెమికల్ అనాలిసిస్' అని ఒక పేజీ ఉంటుంది. సేల్స్ వాళ్లు వేలు పెట్టి చూపించేది దాన్నే. అందులో ఉండేవి పీహెచ్, సల్ఫేటు, క్లోరైడు. సల్ఫేటు కాంక్రీటును తినేస్తుందనీ, క్లోరైడు ఇనుముకు తుప్పు పట్టిస్తుందనీ చూసేవి. పునాది ఆరోగ్యం కోసం చేసే పరీక్ష. ఆ పునాది మీద కాపురముండే వాళ్ల గురించి అందులో ఒక్క లైను ఉండదు. బీపీ చూసి షుగర్ లేదని రాసిచ్చినట్టుంది ఈ వ్యవహారం.

పైగా మేం బోర్లు వేసేది పిల్లర్లు ఎక్కడొస్తాయో చూసుకుని. విషం ఉందా అని వెతికేవాళ్లయితే ఫ్యాక్టరీ మురుగు నిలవచేసిన పాత ఎఫ్లుయెంట్ ట్యాంకు కింద, డ్రమ్ములు పెట్టిన చోట, నాలా గట్టున తవ్వాలి. మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ యూనిట్లలో వాడే ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్) లాంటి సాల్వెంట్లు, అంటే ద్రావకాలు, నీటికన్నా బరువు. రాతి పగుళ్లలోకి దిగి కూర్చుంటాయి. ఆవిరై మెల్లగా పైకొచ్చి స్లాబు చీలికల్లోంచి సెల్లార్‌లో చేరగలవు. మామూలు ప్లాస్టిక్ కవర్లో ల్యాబుకు తీసుకెళ్లిన మట్టిలో వాటి జాడే మిగలదు. కాబట్టి 'ఏమీ దొరకలేదు' అని రాయడం బహు తేలిక.

'బోరు నీళ్లు తాగరు కదా, మంజీరా నీళ్లొస్తాయి.' ఆవిరికి నల్లా కనెక్షన్‌తో పనిలేదు. ఇక ఏప్రిల్‌లో వచ్చే ట్యాంకర్ ఏ బోరుదో మీకు తెలిస్తే నాకూ చెప్పండి.

'నాలుగు సెల్లార్లు తవ్వుతారు, ఆ మట్టంతా పోతుంది.' ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. మన దగ్గర చాలాచోట్ల రాయి తగిలేలోపే పైమట్టి మొత్తం లేచిపోతుంది. దాన్ని పద్ధతిగా తీసి శుద్ధి చేయిస్తే, తుమ్మలు మొలిచి ఖాళీగా పడివున్న స్థలం కన్నా అదే వెయ్యి రెట్లు నయం. లండన్ ఒలింపిక్ పార్కు కట్టింది అలా కడిగిన మట్టి మీదే. కానీ మన టిప్పర్లు అర్ధరాత్రి బయల్దేరి ఎటు పోతాయండీ? ప్రమాదకర వ్యర్థాల కోసం దుండిగల్‌లో కేంద్రం ఉంది. అక్కడికి తోలితే డబ్బు కట్టాలి. చెరువు శిఖంలో దింపితే ఖర్చు లేదు. ఇంకో వెంచర్‌కు ఫిల్లింగ్‌గా అమ్మితే ఎదురు డబ్బులు. సెల్లార్‌లో ఊరే నీళ్లు మోటారు పెట్టి నాలాలోకి. అంటే మీ ఫ్లాటు కింద శుభ్రం, ఇంకెవరిదో ప్లాటు పాడు. మెసేజ్ రాసిన మహానుభావుడికి అది అపోహల లెక్కలోకి రాదు కాబోలు.

'ప్రమాదమైతే ప్రభుత్వం పర్మిషన్ ఇస్తుందా? రెరా నంబరు కూడా ఉంది.' రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ. అది చూసేది ప్లాను, టైటిలు, గడువు. ఇక ఫ్యాక్టరీ భూమిని ఇళ్లకు మార్చుకోవడానికి కట్టే హిల్ట్ ఫీజు రోడ్డు వెడల్పును బట్టి. 80 అడుగుల లోపు రోడ్డయితే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, ఆపైన 50 శాతం. కింద సీసం ఎంతుందో ఆ లెక్కలో లేదు. కలుషిత స్థలాలకు కేంద్రం 2025 జూలైలో విడిగా నియమాలు నోటిఫై చేసింది. అనుమానమున్న స్థలాల జాబితా స్థానిక సంస్థ కానీ, జిల్లా యంత్రాంగం కానీ ఇవ్వాలి, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి. ఆ పని జరిగిందా అన్నది అడగాల్సిన ప్రశ్న.

ఇంకోటి కూడా అడగండి. పాత ఫ్యాక్టరీ నడపడానికి మండలి ఇచ్చిన అనుమతి పత్రం, అంటే కన్సెంట్ ఆర్డర్ కాపీ. ఏం తయారుచేశారు, ఎంత, ఏ వ్యర్థాలు వచ్చేవి అన్నీ అందులో ఉంటాయి. ఆ పదార్థాలకు మట్టిలో, నీళ్లలో పరీక్ష చేయించిన రిపోర్టు చూపించమనండి. దాని బదులు క్లబ్‌హౌస్ బొమ్మ చూపిస్తే కాఫీ తాగి వచ్చేయండి.